సర్వర్ మారుస్తున్నాం, రెండ్రోజులు రావద్దంటే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక ఆఫీసు వాళ్ల ప్రకటన చూశా, సర్వర్ని కొత్త స్టోరేజ్‌లోకి (డేటా దాచే డిస్కుల పెట్టెలోకి) మారుస్తున్నాం కాబట్టి రెండ్రోజులు సేవలుండవు అని. మీవాళ్లు ఉన్నదున్నట్టు వేసేశారు. నేను కాకినాడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌ని, ఇదే పని ఈ మధ్యే నేనూ చేశా, మా స్టూడెంట్స్‌కి గానీ ప్రిన్సిపాల్ గారికి గానీ అసలు తెలీనే తెలీదు, అందుకే రాస్తున్నా.

మా దగ్గర మూడు సర్వర్ల మీద నలభై దాకా వర్చువల్ మెషిన్లున్నాయి, అంటే ఒకే సర్వర్‌లో సాఫ్ట్‌వేర్‌తో నడిచే వేర్వేరు కంప్యూటర్లన్నమాట, అన్నీ వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ మీదే. వాటన్నిటినీ చూసుకునేది వీసెంటర్, అదీ మళ్లీ ఒక వర్చువల్ మెషినే. పాత స్టోరేజ్‌లో డిస్కులు ఒక్కొక్కటీ పోతుంటే వీసెంటర్ని కొత్తదాంట్లోకి తేవాల్సొచ్చింది. కొటేషన్ ఇచ్చినాయన "శనాదివారాలు మొత్తం ఆపేయాలి సార్" అన్నాడు. ఎందుకండీ ఆపడం? వీసెంటర్ అంటే బస్టాండ్‌లో కంట్రోలర్ లాంటోడు, ఆయన టీకెళ్తే రోడ్డు మీద బస్సులాగిపోవుగా. అది పడుకున్నా మిగతా మెషిన్లు నడుస్తూనే ఉంటాయి, ఒక సర్వర్ పోతే దాని మీదున్నవి పక్కదాంట్లో మళ్లీ లేస్తాయి కూడా, అలా లేపే హెచ్‌ఏ అనే ఏర్పాటు ముందే పెట్టుకునుంటే. వీసెంటర్ ద్వారా కొత్త మెషిన్ ఇవ్వడం, నడుస్తున్నవాటిని అటూ ఇటూ జరపడం మాత్రం కుదరదు.

పైగా వీసెంటర్ నడుస్తూనే తన చోటు తానే మార్చుకోగలదు. మెషిన్ ఆపకుండానే దాని ఫైళ్లని వేరే స్టోరేజ్‌లోకి జరపడాన్ని స్టోరేజ్ వీమోషన్ అంటారు, 2007 నుంచీ ఉంది, మొదట్లో కమాండ్లు కొట్టాల్సొచ్చేది, 2009లో వీఎంవేర్ వీస్పియర్ 4 వెర్షన్ వచ్చాక మౌస్‌తోనే అయిపోతోంది. కాపీ చేసేది ఈఎస్‌ఎక్స్‌ఐ హోస్ట్ (మెషిన్లు నడిచే అసలు సర్వర్), వీసెంటర్ పని పురమాయించి చూస్తుంటుందంతే. నేను చేసిందల్లా వీసెంటర్ సొంత సెట్టింగుల పేజీలో (5480 పోర్ట్) బ్యాకప్ తీసుకుని, పాత స్నాప్‌షాట్లు (మెషిన్ ఒకప్పటి స్థితిని దాచిన కాపీలు) తీసేసి, అది ఏ హోస్ట్ మీదుందో కాగితం మీద రాసిపెట్టుకుని (ఇది మర్చిపోతే, వీసెంటర్ పడిపోయినప్పుడు ఎక్కడ వెతకాలో తెలీక కొంప మునుగుతుంది), మైగ్రేట్ అనే మెనూలో స్టోరేజ్ ఒక్కటే మార్చడం. రాత్రి భోంచేసి మొదలెట్టా, పడుకునేలోపు అయిపోయింది.

అందరికీ ఇలా కుదురుతుందనట్లేదు. చిన్న ఆఫీసులు కొనుక్కున్న ఎసెన్షియల్స్ ప్లస్ లైసెన్స్‌లో వీమోషన్ (నడుస్తున్న మెషిన్ని వేరే హోస్ట్‌కి జరపడం) ఉంది గానీ స్టోరేజ్ వీమోషన్ లేదు. అప్పుడు ఒక దారి వీసెంటర్ని ఆపడం, హోస్ట్‌లోకే నేరుగా లాగిన్ అయి ఫైళ్లు కాపీ చేసి మళ్లీ రిజిస్టర్ చేయాలి, ఆన్ చేయగానే మూవ్ చేశావా కాపీ చేశావా అనడుగుతుంది, మూవ్ అనే చెప్పాలి, లేకపోతే కొత్త మెషిన్ అనుకుని యూయూఐడీ, అంటే దాని గుర్తింపు నంబరు, మార్చేస్తుంది. పాత ఉద్యోగంలో నేనలా చేసి వేరే హోస్ట్ మీద లేపితే నెట్‌వర్క్ ఎక్కలేదు. అక్కడి నెట్‌వర్క్ డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ (అన్ని హోస్టులకీ కలిపి వీసెంటర్ నడిపే స్విచ్), పోర్ట్ ఇవ్వాల్సింది వీసెంటర్, ఆ వీసెంటరేమో నెట్‌వర్క్ లేక బయట నిలబడుంది, తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టైంది నా పని. చివరికి మామూలు స్విచ్ ఒకటి పెట్టి దానికి కలిపి బయటపడ్డా. వీసెంటర్ లేకున్నా పోర్ట్ ఇచ్చే ఎఫెమెరల్ పోర్ట్‌గ్రూప్ ఒకటి ముందే చేసి పెట్టుకోవాలని అప్పుడు తెలిసింది. అంత గొడవ జరిగినా అక్కడి మిగతా మెషిన్లు ఒక్కటీ ఆగలేదండీ.

కాబట్టి ఈసారి ఇలాంటి ప్రకటనొస్తే మీ రిపోర్టర్‌తో ఒక్క ఫోన్ కొట్టించండి, ఏం మారుస్తున్నారు, నడుస్తుండగా ఎందుకు కుదరదు అని. లైసెన్స్ లేదంటే లేదని రాయండి, డేటాబేస్ వెర్షన్ మారుస్తున్నామంటే అదీ రాయండి, అది ఆపాల్సిన పనే కావచ్చు. ఏజెన్సీ నుంచి రెండు బస్సులు మారి సర్టిఫికెట్ కోసం వచ్చినోళ్లకి గేటు మీద కాగితం ముక్క అంటించి పంపేస్తే సరిపోతుందా?

ఇట్లు,
ఒక సిస్టమ్ అడ్మిన్, కాకినాడ