తిన్నావా అని అడిగిన అయోవా ఆవిడకి

నిన్న రాత్రి ఒంటిగంట దాటాక ఆఖరి పేజీ ఆరింది. వేళ్ళు పట్టేశాయి, ఒక్క బొటనవేలితో టైపు చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. వరదలో తడిసిన మా విచారణ (అంటే మా కేథలిక్ చర్చి పారిష్) జ్ఞానస్నానాల రిజిస్టర్లు నాలుగూ మళ్ళీ బీరువాలోకి వెళ్ళాయి. ఈసారి పై అరలోకి.

2024 సెప్టెంబరు 1, 2 తేదీల గురించి విజయవాడ సింగ్‌నగర్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులని టీవీల్లో ఊదరగొడుతుంటే అందరూ కృష్ణ వైపు చూశారు. మమ్మల్ని ముంచింది బుడమేరు వాగు. మా చర్చిలో ఛాతీ లోతు నీళ్ళు. రిజిస్టర్లు సాక్రిస్టీలో (పూజ సామాన్లు పెట్టే గది) బీరువా అడుగు అరలో ఉన్నాయి. బయటివాళ్ళకి అవి పాత పుస్తకాలే. పెళ్ళి కుదిరితే జ్ఞానస్నాన పత్రం ఇవ్వాల్సింది వాటిలోంచే. మా పెద్దవాళ్ళలో కొందరికి పుట్టిన తేదీ అంటూ ఉన్నది ఆ పేజీల్లోనే.

నీళ్ళు కాస్త తీశాక మేం చేసిన మొదటి పని, ఒక రిజిస్టరు తెరిచి ఎండలో పెట్టడం. సాయంత్రానికి పేజీలు అప్పడాల్లా ముడుచుకుపోయాయి. ఇంకుపెన్నుతో రాసిన పేర్లు నీలం మరకలయ్యాయి. ఆ ఫొటో విచారణ గ్రూపులో పెట్టాను. అయోవా రాష్ట్రంలో ఒక చిన్న ఊరి చర్చి మా సిస్టర్ పారిష్, అంటే మాతో జత కలిసిన విచారణ. మన మేత్రాసనం (బిషప్‌గారి కింద ఉండే విచారణలన్నీ కలిపి) ఫాదర్‌గారు ఒకరు అక్కడ పనిచేస్తున్నారు, ఈ చుట్టరికం కలిపింది ఆయనే. నా ఫొటోని ఆయన వాళ్ళ విచారణ ఆవిడ ఒకరికి చూపించారు. డెబ్బై దాటిన మనిషి, లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ఆ రాత్రే వీడియో కాల్. మనకి పది, వాళ్ళకి పగలు పదకొండున్నర. ఫాదర్‌గారు మధ్యలో ఉండి తెలుగులో చెబుతున్నారు. "మిగతా మూడూ తెరవద్దు, తుడవద్దు, ఎండకి పెట్టద్దు. విడివిడిగా ప్లాస్టిక్ కవర్లో చుట్టి గడ్డకట్టించెయ్యండి. గడ్డకడితే బూజు పట్టదు, తర్వాత తీరిగ్గా ఒక్కోటీ ఆరబెట్టుకోవచ్చు." నేను తెల్లబోయాను. మా పేటలో కరెంటు లేదు, ఫ్రిజ్‌లు వరదలో తేలాయి, రిజిస్టర్లని గడ్డకట్టించడం ఎక్కడ? బెంజిసర్కిల్ అవతల ఒక ఐస్‌క్రీం షాపు ఆయన ఒప్పుకున్నారు. నెలన్నర పాటు మా తాతల జ్ఞానస్నానాలు బటర్‌స్కాచ్ డబ్బాల పక్కన ఉన్నాయి. అద్దె ఇస్తానంటే కోప్పడ్డారు.

అసలు రాయాలనుకున్నది ఇది. ఆ కాల్ పెట్టేసే ముందు ఆవిడ ఫాదర్‌గారిని ఏదో అడిగి, పెదాలు కదుపుతూ రెండుసార్లు తనలో తను అనుకుని, కెమెరా దగ్గరికొచ్చి "అన్నం టిన్నావా అమ్మా" అన్నారు. పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, బిస్కెట్లు, అన్నీ వచ్చాయి ఆ రోజుల్లో. తెచ్చినవాళ్ళు ఇంట్లో ఎంతమంది అని అడిగేవాళ్ళు, రాసుకునేవాళ్ళు. నువ్వు తిన్నావా అని ఎవరూ అడగలేదు. నేను తినలేదు కూడా. ఫోను పట్టుకుని బురద గచ్చు మీద కూర్చుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు. పాపం, తనేదో తప్పుగా పలికాననుకుని ఆవిడ ఫాదర్‌గారిని కంగారుగా అడుగుతూనే ఉన్నారు.

తర్వాత ఫాదర్‌గారికి కుదిరేది కాదు, మేమిద్దరమే. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆవిడ చేత్తో చూపిస్తే నేను చేసేదాన్ని. పది పేజీలకో అద్దుడు కాగితం, తడిస్తే మార్చడం, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా చూడడం. న్యూస్‌పేపరు వాడితే ఆ అక్షరాలు ఇటు అంటుకుంటాయని గీపెట్టారు. అద్దుడు కాగితాలు తనే పార్సిల్ పంపారు. అందులో లైబ్రరీలో వాడిన నున్నటి ఎముక పుల్ల కూడా ఒకటి, అతుక్కున్న పేజీలు విడదీయడానికి. అంచు అరిగిపోయి ఉంది.

ఆ పార్సిల్ కస్టమ్స్ దగ్గర ఆగిపోయింది. బహుమతి అని రాసున్నా లాభం లేదు. విదేశాల నుంచి వచ్చే బహుమతులకి ఉన్న మినహాయింపు 2019లోనే తీసేశారట, రాఖీలకీ ప్రాణం కాపాడే మందులకీ తప్ప. సిస్టర్ పారిష్ పంపినా రాఖీ కాదుగా! డబ్బు సంగతి ఇంకో కథ. వాళ్ళు ఆదివారం పూజలో మా కోసం పట్టిన చందా నేరుగా మాకు రాకూడదు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉన్న సంస్థకే రావాలి, అదీ ఢిల్లీలో ఒకే ఒక్క బ్యాంకు శాఖకి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ ఇంకొకరికి బదిలీ చెయ్యకూడదు, తనే ఖర్చు పెట్టాలి. అదే అమెరికాలో సొంత అన్నో తమ్ముడో ఉండి పంపితే ఏడాదికి పది లక్షల దాకా ప్రభుత్వానికి చెప్పక్కర్లేదు. దొంగ డబ్బుని ఆపడానికి చట్టం ఉండాల్సిందే, కాదనను. కానీ ఆ చందాతో రావాల్సిన పరుపులూ గ్యాస్ స్టవ్‌లూ వచ్చేసరికి జనం అప్పు చేసి కొనుక్కున్నారు. సరే, వదిలేస్తున్నాను, ఇది థాంక్స్ చెప్పే పోస్టు.

మా ఆయన, పిల్లలు, తమ్ముడు, మరదలు అందరూ చేశారు. వాళ్ళకి ఇక్కడ థాంక్స్ రాస్తే నవ్వుతారు.

ఎండలో పెట్టిన రిజిస్టరులో పదకొండు పేజీలు పోయాయి. ఆ తప్పు నాదే. ఆ ఏళ్ళలో జ్ఞానస్నానం పొందినవాళ్ళ దగ్గర పాత పత్రాలుంటే దయచేసి తెచ్చి చూపించండి, మళ్ళీ రాసుకుందాం. ఆవిడకి ఆవకాయ పంపుతానంటే ఫాదర్‌గారు వద్దన్నారు. తాండ్ర పంపుతున్నాం.

అయ్యో, మరిచేపోయాను. బురద కడిగిన ఫైరింజను వాళ్ళు, వేరే ఊళ్ళ నుంచి వచ్చిన పారిశుద్ధ్య కార్మికులు, ఇంకా మమ్మల్ని మేడ మీంచి దింపిన పడవ కుర్రాళ్ళు (పేర్లు అడగలేదు, సిగ్గుగా ఉంది). ప్లాస్టిక్ కవర్లు ఇచ్చిన కిరాణా బాబాయ్‌గారు. రాత్రుళ్ళు పేజీలు తిప్పడానికి వచ్చిన మరియదళం (మా చర్చి ప్రార్థనా బృందం) అక్కలు ముగ్గురు. మా చర్చిలో మతబోధ చెప్పే ఉపదేశిగారు! పెళ్ళిళ్ళ రిజిస్టరు నెత్తిన పెట్టుకుని నీళ్ళలో నడిచి తెచ్చింది ఆయనే. అది తడవలేదు కాబట్టి ఇంతసేపూ గుర్తు రాలేదు.