మందు ఫ్రిజ్‌లో ఉంటే విషం దిగదు

సంపాదకుడు గారికి,

పాముకాటు మందు అన్ని పీహెచ్‌సీల్లో సిద్ధంగా ఉందని అధికారి చెప్పిన మాట గత వారం మీ పత్రికలో వేశారు. ఫ్రిజ్ తలుపు తీసి ఫొటో కూడా దిగారు, సంతోషం. ఆ సీసా ఫ్రిజ్‌లోంచి రోగి నరంలోకి ఎప్పుడు వెళ్తుందో అడిగి ఉంటే ఇంకా సంతోషించేవాళ్లం.

కోనసీమలో జరిగేది ఎవరికి తెలియదు! సార్వా నాట్లలోనో కోతల్లోనో రక్తపింజర కాటేస్తుంది. గోదావరి లంక నుంచి పంటు మీద ఏరు దాటించి పీహెచ్‌సీకి తీసుకొస్తే, సెలైన్ తగిలించి ‘కాకినాడ తీసుకెళ్లండి’ అని చీటీ చేతిలో పెడతారు. మొదటి మోతాదు పడకుండానే 108 బయలుదేరుతుంది.

రాత్రి ల్యాబ్ టెక్నీషియన్ ఉండడట, అందుకని విషం ఎక్కిందో లేదో తేల్చే రక్తపరీక్ష కుదరదట. దీనికి టెక్నీషియన్ ఎందుకండీ? శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారిందంటే విషం ఎక్కినట్టే. ప్లాస్టిక్ గొట్టమో, సబ్బుతో కడిగినదో వాడితే మంచి రక్తం కూడా గడ్డకట్టదు, మందు దండగ. గడ్డకట్టిందని ఇంటికి పంపెయ్యనూ కూడదు. మొదటి మూడు గంటలు గంటకోసారి, ఆ తర్వాత ఆరు గంటలకోసారి, రోజంతా చూడాలి. కట్లపాము సంగతి వేరు, దానికి ఈ పరీక్ష పనికిరాదు. నేలమీద నిద్రపోయేవాళ్లను కరుస్తుంది, వాపు ఉండదు, గాటు కనపడదు. తెల్లారేసరికి కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలిపోతాయి. గ్యాస్ మాత్ర ఇచ్చి పంపితే ఊపిరే ఆగిపోతుంది.

విషం ఎక్కిందని తేలితే 10 వయల్స్ (చిన్న సీసాలు) మందు, పిల్లలకైనా అంతే. పాము వయసు చూసి విషం తగ్గించదు కదా. పొడి మందు ఒక్కో వయల్‌కు 10 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ పోసి మెల్లగా తిప్పాలి, కుదిపితే నురగ కడుతుంది. సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కించాలి. దద్దుర్లు, ఆయాసం వస్తే మందు ఆపి, పెద్దవాళ్లకైతే అర మిల్లీగ్రాము అడ్రినలిన్ తొడ కండకు ఇవ్వాలి.

అసలు భయం ఈ రియాక్షన్ గురించే. రాత్రి డ్యూటీలో ఉండేది ఒక్క స్టాఫ్ నర్సు. డాక్టరు ఫోను తీయరు. మందు పెట్టాక ఏమైనా అయితే ఆమె మెడకే చుట్టుకుంటుంది, రిఫర్ చేస్తే అడిగేవాడే ఉండడు. ఆమెను తప్పుపట్టి ఏం లాభం? డ్యూటీకి ఎన్ని గంటలకు వచ్చిందో హాజరుకోసం ఫోనుకు ముఖం చూపించి నిరూపించుకోవాలి గానీ, అడ్రినలిన్ గడువు తీరిందో లేదో చూసే నాథుడు లేడు. శిక్షణంటే సంతకాలు, బిస్కెట్లు, గ్రూపు ఫొటో. ఆ రాత్రి ఆదేశం ఇవ్వాల్సిన డాక్టరు ఎవరో, ఆయన తీయకపోతే ఎవరికి చెయ్యాలో గోడమీద రాయడానికి ఏ జీవో కావాలో!

ఈసారి మీ విలేకరిని స్టాకు పుస్తకం దగ్గర ఆగిపోవద్దనండి. రిఫరల్ చీటీలు తిరగేసి, మొదటి మోతాదు ఎన్ని గంటలకు మొదలుపెట్టారో రాసినవి ఎన్నో లెక్కపెట్టమనండి.

– ఒక విశ్రాంత నర్సింగ్ ఉద్యోగిని, అమలాపురం