బాటకు పాసుబుక్కు లేదు: రెవెన్యూ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర రెవెన్యూ శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు అవతల ఉన్న ఒక గ్రామం నుంచి ఈ లేఖ రాస్తున్నాను. మా ఊరి చెరువు శిఖం (నీరు నిలిచే నేల), చెరువు వెనుక గుట్ట, గుట్ట కింది గైరాన్ (పశువుల మేత భూమి), ఈ మూడూ రికార్డుల్లో నేటికీ ప్రభుత్వ భూములే. వాటిలో ఒక్క గుంట కూడా ఎవరూ ఆక్రమించలేదు. అయినా మూడేళ్లుగా ఊరివాళ్లం అక్కడ అడుగు పెట్టలేకపోతున్నాం. ఆ మూడింటి చుట్టూ ఉన్నవి పట్టా భూములు. వాటి మధ్య నుంచి చెరువు కట్ట దాకా పోయే బండ్ల బాట ఇప్పుడు ఒక ఫామ్ ప్లాట్ల వెంచరు ప్రహరీ లోపల చిక్కుకుపోయింది. భూమి ప్రజలదిగానే ఉంది, దాని దగ్గరికి పోయే దారి మాత్రం ప్రజలకు లేకుండా పోయింది.

ఆ బాట నిన్న మొన్న కాళ్లతో తొక్కి చేసుకున్నది కాదు. నిజాం కాలంలో తయారైన మా గ్రామ నక్షలో (సర్వే పటంలో) అది స్పష్టంగా గీసి ఉంది. పొలాలకు ఎరువు బండ్లు పోయింది ఆ బాట మీదనే. గొల్ల కురుమలు జీవాలను గైరానుకు తోలుకుపోయిందీ, ముదిరాజులు వలలు భుజాన వేసుకుని తెల్లవారకముందే చెరువుకు పోయిందీ ఆ బాటనే. సద్దుల బతుకమ్మ నాడు మా అమ్మ తరం ఆడవాళ్లందరూ బతుకమ్మలను నెత్తిన పెట్టుకుని, పాడుకుంటూ, ఆ బాటనే చెరువుకు నడిచారు. మొదట పొలాల చుట్టూ కడీలు పాతారు, తరువాత ముళ్లతీగ కట్టారు, ఆ తరువాత గోడ లేచింది, చివరకు ఇనుప గేటు వచ్చింది. గేటు పెట్టిన ఏడాది మా ఆడపడుచులు బతుకమ్మలతో ఆ గేటు ముందు నిలబడితే, లోపల ఉన్న మనిషి యజమానికి ఫోను చేసి, అనుమతి లేదని చెప్పాడు. ఆ మనిషిని తప్పుపట్టను, అతనిది జీతం బతుకు. ఆ సాయంత్రం బతుకమ్మలను పంచాయతీ కార్యాలయం ముందు ట్యాంకరు నీళ్లు నింపిన తొట్టిలో వేశారు. ఊళ్లో నిండు చెరువు ఉండగా అలా చేయవలసి రావడం మా పెద్దమనుషులను ఎంత బాధించిందో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

మేము ఊరుకోలేదు. కలెక్టరు కార్యాలయంలో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో రెండుసార్లు అర్జీ ఇచ్చాం. అర్జీ మండలానికి వచ్చింది. అది పట్టా భూమి గనుక సివిల్ కోర్టుకు వెళ్లండని జవాబు వచ్చింది. కనీసం బాట ఎక్కడుందో కొలిపిద్దామని సర్వేకు దరఖాస్తు చేయబోతే పట్టాదారు పాసుబుక్కు నంబరు అడిగారు. అయ్యా, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. బాటకు పట్టాదారు ఉండడు, పాసుబుక్కు ఉండదు. తన హద్దు తేలలేదని దరఖాస్తు చేసుకునే హక్కు గుంట భూమి ఉన్నవాడికి కూడా ఉంది కానీ, ఊరంతా నడిచే బాట తరఫున దరఖాస్తు పెట్టడానికి ఎవరికీ అర్హత లేదు. సివిల్ కోర్టు అంటారా, మేకలు కాసుకునేవాళ్లు ఏ వకీలును పెట్టుకుని, ఎన్నేళ్లు తిరగగలరు?

ఇందులో మా ఊరి తప్పు కూడా ఉందని ఒప్పుకోవాలి. బాట పక్క రైతులు దున్నినప్పుడల్లా ఒక సాలు లోపలికి జరిపారు. ఎదురుగా ఉన్నవారూ అదే చేశారు. రెండు బండ్లు ఎదురెదురుగా తప్పుకునే బాట ఒక బండి బాట అయింది, తరువాత కాలిబాట అయింది. భూములు అమ్ముకున్నప్పుడు బాట పోయిన జాగాను కూడా కలిపి విస్తీర్ణం రాయించారు, కొన్నవారు నక్ష చూడలేదు, రిజిస్టరు చేసినవారు అడగలేదు. 2020లో భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక మా సర్వే నంబర్లు వెతికితే ఖాతా, పేరు, ఎకరాలు, గుంటలు కనిపించాయి తప్ప, వాటి గుండా ఊరికి ఒక దారి ఉందన్న మాట ఎక్కడా కనిపించలేదు. అదే ఏడాది వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థ రద్దు కావడంతో, ఏ బాట ఎటు పోతుందో నోటితో చెప్పగలిగిన ఉద్యోగి కూడా ఊళ్లో లేకుండా పోయాడు.

లెక్కకు ఇది ఎంత జాగా? గుంట అంటే ముప్పై మూడు అడుగుల చదరం. పదహారున్నర అడుగుల వెడల్పుతో కిలోమీటరు పొడవున్న బాట సుమారు ఎకరం పది గుంటలు అవుతుంది. ఆ ఎకరం పది గుంటలను గోడలో కలుపుకున్నవారికి చెరువు, గుట్ట, గైరాన్ అన్నీ పైసా ఖర్చు లేకుండా సొంత తోట అయిపోతాయి. ప్లాట్లు అమ్మేటప్పుడు చెరువు చూపించి, గుట్ట చూపించి ధర చెబుతున్నారు కూడా. ఇది ఆక్రమణ కిందికి రాదంటే, దీన్ని ఏమనాలో మీరే చెప్పాలి.

గ్రామ ఉమ్మడి భూముల నుంచి ఆక్రమణదారులను తొలగించి, ఊరి ఉమ్మడి వినియోగానికి తిరిగి అప్పగించే పథకాలు రూపొందించాలని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. చేరుకోవడానికి దారి లేని భూమిని ఊరికి అప్పగించినా అప్పగించినట్టు కాదు. పొరుగున ఉన్న మహారాష్ట్రను చూడండి. సాగు భూములకు, మేత భూములకు పోయే వాడుక బాటకు ఎవరైనా అడ్డు కడితే, అక్కడ 1906 నాటి మామలతదారు కోర్టుల చట్టం కింద తహసీల్దారు స్థాయిలోనే విచారణ జరిపి ఆ అడ్డు తీయించవచ్చు. 2025లో ఆ ప్రభుత్వం పొలం బాటలను హక్కుల పత్రంలోనే నమోదు చేయాలని కూడా ఆదేశించింది. ఒకప్పుడు మనతోపాటు హైదరాబాద్ సంస్థానంలో ఉన్న మరాఠ్వాడా రైతుకు మండలంలో దొరికే న్యాయం కోసం మన రైతు సివిల్ కోర్టు మెట్లు ఎందుకు ఎక్కాలి?

ఇప్పుడే ఈ లేఖ రాయడానికి కారణం కొత్త భూమి రికార్డుల చట్టం, భూభారతి. 2025లో అమల్లోకి వచ్చిన ఆ చట్టం రిజిస్ట్రేషన్లకు సర్వే పటం జతచేసే పద్ధతి తెస్తోంది; లైసెన్సుడు సర్వేయర్లకు శిక్షణ ఇచ్చారు; గ్రామ పాలనాధికారులను నియమించారు. గ్రామ స్థాయిలో పహాణీ (భూమి, సాగు వివరాల రికార్డు)తోపాటు ప్రభుత్వ భూములకు, మార్పులకు, నీటి వనరులకు వేర్వేరు రిజిస్టర్లు పెట్టారు. వాటితోపాటు బాటల రిజిస్టరు కూడా ఒకటి పెట్టించండి. నక్షలో ఉన్న ప్రతి బాటనూ, అది ఏయే సర్వే నంబర్ల గుండా పోయి ఏ చెరువుకు, ఏ గుట్టకు, ఏ శ్మశానానికి చేరుతుందో అందులో రాయించి, గ్రామసభలో చదివించండి. ఆ రిజిస్టరు ఒక్కసారి నిలిస్తే, రిజిస్ట్రేషన్ సమయంలోనూ, వ్యవసాయ భూమిని నాలా (వ్యవసాయేతర భూమి) కింద మార్చేటప్పుడూ, లేఅవుటుకు అనుమతి ఇచ్చేటప్పుడూ బాటను మినహాయించడం అధికారులకు కష్టం కాదు. బాట తరఫున సర్వే కోరే అధికారం గ్రామ పంచాయతీకీ, గ్రామ పాలనాధికారికీ ఉండాలి. అడ్డు కట్టినప్పుడు గడువులోగా విచారించి తెరిపించే బాధ్యత తహసీల్దారుకు ఉండాలి. ఔటర్ రింగ్ రోడ్డు లోపల చెరువుల, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించడానికి 2024 నుంచి హైడ్రా సంస్థ ఉంది. దానికి బయట ఉన్న మాకు తహసీల్దారే దిక్కు.

ప్లాట్లు కొన్నవారి మీద మాకు కక్ష లేదు. వారిలో చాలామంది నౌకరి చేసి కూడబెట్టిన సొమ్ముతో కొన్నవారే, బాట సంగతి వారికి ఎవరూ చెప్పలేదు. వారి గోడ మొత్తం తీయమని అడగడం లేదు. నక్ష ప్రకారం బాట వెడల్పు మేరకు వదిలి, ఇరువైపులా గోడలు కట్టుకుంటే మాకు అభ్యంతరం లేదు. అవసరమైతే ఆ గోడ పనికి ఊరివాళ్లం కూలి లేకుండా చేయి వేస్తామని మా వార్డు సభ్యులు ఇప్పటికే చెప్పారు.

మా గ్రామ నక్ష నకలునూ, రెండు అర్జీల రసీదులనూ మీ కార్యాలయానికి వేరుగా పంపుతున్నాను. మా ఊళ్లో ఆ బాట మీద ఎడ్లబండి తోలిన పెద్దవాళ్లు ఇంకా నలుగురు ఉన్నారు. నక్షకు, నేలకు మధ్య తేడా వచ్చిన చోట పాత చింతచెట్టు ఎక్కడుండేదో, రాతి ఒర్రె ఎక్కడ దాటేవాళ్లో వారే చూపించగలరు. వారు నడవగలిగి ఉండగానే సర్వేయరును పంపించమని కోరుతున్నాను. వచ్చే సద్దుల బతుకమ్మ లోపల పంపితే, మా ఆడపడుచులు చెరువుకు నడిచిపోతారు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక గ్రామస్థుడు