ఇంకో బస్తా అడిగితే ఇకపై ముందు ఆకు చూస్తాను

మన ఎరువుల దుకాణానికి వచ్చే రైతులందరికీ నమస్కారం. దాళ్వా (రెండో పంట వరి) నాట్లు దగ్గరపడుతున్నాయి. ఈలోగా మీతో నాలుగు మాటలు చెప్పుకోవాలి. మొదటిది నా తప్పు గురించి.

కిందటి దాళ్వాలో ఒక కౌలు రైతు వచ్చి, నాట్లు వేసి మూడు వారాలైనా చేను ఎదగడం లేదని, పసుపు తిరిగిందని చెప్పారు. నేను కుర్చీలోంచి లేవకుండానే "ఇంకో బస్తా యూరియా చల్లండమ్మా, నల్లబడుతుంది" అన్నాను, అంటే ముదురు ఆకుపచ్చగా మారుతుందని. ఆమె చల్లారు. చేను నల్లబడలేదు. వారం తర్వాత ఒక దుబ్బు వేళ్లతో సహా పీకి తెచ్చి, బురద కారుతుండగానే నా బల్ల మీద పెట్టారు. పై ఆకుల్లో మధ్య ఈనె పాలిపోయి ఉంది. ముదురు ఆకుల చివర్లలో తుప్పు రంగు మచ్చలు. జింకు లోపం! లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, ఐదు రోజుల తేడాతో రెండుసార్లు పిచికారీ చేసి ఉంటే సరిపోయేది.

బస్తా డబ్బు తిరిగి ఇచ్చాను. ఆమె తీసుకుని, "డబ్బు సరేనయ్యా, నేను చల్లిన యూరియా ఎక్కడికి పోయినట్టు?" అని అడిగారు. ఇన్నేళ్లుగా అమ్ముతున్న సరుకు గురించి అంత చిన్న ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ తర్వాత తెలిసినవారిని అడిగి, చదివి, నా సొంత ఎకరంలో చూసి తెలుసుకున్నది మీకు చెబుతున్నాను.

మనం కొనే 45 కిలోల బస్తాలో 46 శాతం నత్రజని ఉంటుంది. అంటే 20.7 కిలోలు. మామూలుగా మనం చల్లే పద్ధతిలో వరికి అందేది అందులో మూడో వంతు, మహా అయితే నలభై శాతం. 266 రూపాయల 50 పైసలు పెట్టి కొన్న బస్తాలో పైరు తిన్నది నూరు రూపాయలకు అటూ ఇటూ అన్నమాట. మిగిలినదాంట్లో కొంత నేలలోనే ఉండిపోతుంది, చాలా భాగం చేజారిపోతుంది. 2025 ఖరీఫ్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే యూరియా కోసం తెల్లవారకముందే వరుసల్లో నిలబడ్డారు. అంత కష్టపడి తెచ్చుకున్నది మడిలో నిలవడం లేదు.

ఎలా పోతుందో చేపల చెరువుల రైతులకు నాకంటే బాగా తెలుసు. మధ్యాహ్నం చెరువులో పీహెచ్ (నీటి క్షారగుణం కొలత, 7 దాటితే క్షారం) పెరిగితే అమ్మోనియా విషమవుతుందని వాళ్లు రోజూ రంగు మారే కాగితం ముంచి చూసుకుంటారు. ఆ కాగితాలే నాలుగు అడిగి తెచ్చి నా వరి మడిలో ముంచాను. నీళ్లు జానెడు లోతున్నాయి, పైన నాచు తేలుతోంది. ఉదయం ఆరున్నరకు కాగితం ఆకుపచ్చగా, 7 దగ్గర ఉంది. మధ్యాహ్నం రెండింటికి నీలం తిరిగి 9 చూపించింది. ఎండ ఎక్కేకొద్దీ నాచు నీటిలోని కార్బన్ డయాక్సైడును లాగేసుకుంటుంది, నీటికి క్షారగుణం పెరుగుతుంది. నీటిలో చల్లిన యూరియా రెండు మూడు రోజుల్లో అమ్మోనియంగా మారుతుంది. అలాంటి నీటిలో అది వాయువై, గాలి వీచినకొద్దీ లేచిపోతుంది. పైపాటుగా, అంటే నాట్ల తర్వాత పైన చల్లిన యూరియాకు మొదటి వారం పది రోజులే గండం. చెరువులో చేపను చంపేదీ, మడిలో మన జేబుకు చిల్లు పెట్టేదీ ఒకటే.

"యూరియాకు వేప నూనె పూత ఉందిగా" అని మీరు అడగవచ్చు. 2015 నుంచి దేశంలో యూరియా అంతా వేప పూతతోనే వస్తోంది, నిజమే. అమ్మోనియం కాస్తా నైట్రేటు అనే మరో రూపంలోకి మారడాన్ని ఆ పూత ఆలస్యం చేస్తుంది. నీటి మీద నుంచి గాలిలోకి లేచిపోయేదాన్ని ఆపడం దాని వల్ల కాదు.

నైట్రేటు సంగతి వేరు. కాలువ నీళ్లు వంతులవారీగా వచ్చే ఊళ్లలో ఇది ఎక్కువ. మడి ఆరి నెర్రెలు తీస్తే నేలలోని అమ్మోనియం కాస్తా నైట్రేటుగా మారుతుంది. వంతు వచ్చి మళ్లీ నీళ్లు నిండగానే గాలి ఆడని ఆ బురదలో సూక్ష్మజీవులు నైట్రేటును విడగొట్టి మళ్లీ వాయువుగా వదిలేస్తాయి. అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడుకు 270 రెట్లకు పైగా బలమైనది. ఇసుక నేలల్లోనైతే నైట్రేటు కిందికి దిగి బోరు నీళ్లలో చేరుతుంది. గట్టు తెగితే బోదెలోకి (పిల్ల కాలువలోకి) పోతుందని మీకు వేరే చెప్పాలా.

చేయవలసింది కొత్తదేమీ కాదు. వ్యవసాయ శాఖవారు ఎప్పటినుంచో చెబుతున్నదే. నేనే మీకు గట్టిగా చెప్పలేదు. యూరియా మొత్తాన్ని మూడు భాగాలు చేసి దమ్ములో (నాట్లకు ముందు బురద దున్నేటప్పుడు), పిలకలు వేసేటప్పుడు, అంకురం దశలో (వెన్ను మొదలయ్యేటప్పుడు) వేయండి. పైపాటుగా వేసే రోజు నీళ్లు తీసేసి, బురద పదునులో, సాయంత్రం పూట చల్లండి. 36 నుంచి 48 గంటలయ్యాక పలుచగా నీళ్లు పెట్టండి. వాన మబ్బు కమ్మి ఉంటే రెండు రోజులు ఆగండి. మళ్లీ నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని వంతు చివరి రోజుల్లో అసలు చల్లవద్దు. 50 కిలోల యూరియాకు 250 కిలోల తేమ మట్టి కలిపి రెండు రోజులు ఉంచి చల్లమని కూడా చెబుతారు. ఇప్పటి కూలి రేట్లకు పది ఎకరాల వాళ్లు ఆ పని చేస్తారని నేను అనుకోను. ఎకరం, రెండెకరాల వాళ్లు చేయవచ్చు. మట్టికి బదులు 10 కిలోల వేపపిండి కూడా కలుపుతారు. అది నా దగ్గర అమ్మే సరుకే, అందుకే ముందు మట్టి పేరు చెప్పాను.

ఇక దుకాణంలో మారేవి. మామూలు మోతాదు దాటి ఇంకో బస్తా కావాలంటే, అమ్మకం నమోదు చేసే వేలిముద్ర యంత్రం తీసేముందు ఆకు రంగు పట్టిక ఇస్తాను, అంటే లేత నుంచి ముదురు ఆకుపచ్చ వరకు పట్టీలున్న చిన్న పలక. పూర్తిగా విచ్చుకున్న పై ఆకును కోయకుండా, మధ్య భాగాన్ని పట్టీలకు ఆనించి, మీ నీడలో పోల్చి చూడండి. అలా పది దుబ్బులు చూడాలి. నాట్లు వేసిన చేలో ఆరింటికైనా నాలుగో పట్టీకంటే లేతగా ఉంటే రండి, బస్తా ఇస్తాను. విత్తనం వెదజల్లిన చేనుకు మూడో పట్టీ చూసుకోండి. చేను నల్లగా ఉంటే మాత్రం బతిమాలినా ఇవ్వను. అలాంటి చేనుకే సుడిదోమ, పాముపొడ తెగులు, అగ్గితెగులు ముందు వస్తాయి, ఆపైన పడిపోతుంది. ఆ మందులు కూడా నా దగ్గరే కొంటారు కాబట్టి, ఈ మాట చెప్పడం వల్ల నాకు రెండు విధాలా నష్టమే. జింకు లోపాన్ని పట్టిక చెప్పదు, అనుమానముంటే దుబ్బు తెచ్చి బల్ల మీద పెట్టండి. బురద కడుక్కోవడం నాకు అలవాటైంది.

దుకాణంలో మారే రెండోది, సీసాలు. యూరియా లారీ కావాలంటే ఇన్ని నానో యూరియా (ఆకుల మీద పిచికారీ చేసే ద్రవం) సీసాలు ఎత్తాలని నాకు సరుకు పంపేవారు షరతు పెట్టారు. నేను వాటిని మీ బస్తాలకు అంటగట్టాను. ఇకపై ఆ పని చేయను. మొదట వచ్చిన నాలుగు శాతం నత్రజని రకం అర లీటరు సీసాలో ఉండేది సుమారు 20 గ్రాములు, బస్తాలో 20.7 కిలోలు. ఒకటి మరొకదానికి బదులని నా నోటితో చెప్పలేను. కావాలని అడిగినవారికి ఇస్తాను, అంతే. దీనివల్ల మన దుకాణానికి లారీ ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు, ముందే చెబుతున్నాను.

పట్టికలు ప్రస్తుతం ఆరు ఉన్నాయి. ఊరికి ఒకటి చొప్పున ఇస్తాను, వారంలో తిరిగి తేవాలి. మొదటిది ఆ కౌలు రైతే తీసుకెళ్లారు. పది రోజులైంది, ఇంకా తేలేదు. అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు.