జాడీకి చిల్లు పెట్టే ముందు

శ్రీకాకుళం

చి. అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. నువ్వు ఫోన్ చేసి ఇరవై రోజులైంది, పనుంటుందిలే. నాయనమ్మ జాడీలో మొక్క పెడతానన్నావు కదా, ఆ సంగతి రాద్దామని కూర్చున్నాను. నువ్వు ఉద్యోగం మానేశావని రాజాం పిన్ని ఏదో అంది. దానికోసం కాదు ఈ ఉత్తరం.

ముందు జాడీని వారం రోజులు నీళ్లలో నానబెట్టు, రోజూ నీళ్లు మార్చు. ఏళ్ల తరబడి ఆవకాయ ఊరిన జాడీ. పూతలో సన్నటి నెర్రెలున్న చోట తెల్లగా పొడి పూస్తుంది చూడు, అది లోపలికి పట్టిన ఉప్పు. అలాగే మట్టి నింపితే ఆకుల కొసలు మాడతాయి. నువ్వేమో నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తావు.

చిల్లు దగ్గర తొందర వద్దు. చిన్నమావయ్య చేసిన ఘనకార్యం గుర్తుందా? గోడకి వాడే డ్రిల్లు తెచ్చి, సుత్తిలా దబదబ కొట్టే హేమర్ మీదే ఉంచి జాడీ అడుగున పెట్టాడు. టక్కుమని మూడు చెక్కలు. రెండోదానికి హేమర్ తీశాడు గానీ కాంక్రీటు బిట్టే బిగించాడు, చుక్క నీళ్లు పోయలేదు. ఆ వేడికి అడుగు నుంచి మెడదాకా నెర్రె విచ్చింది. మూడోది పట్టుకునేలోగా అత్త మిగతావన్నీ అటకెక్కించి నిచ్చెన దాచేసింది.

నువ్వు జాడీని పాత దుప్పటి మీద బోర్లించు. 10 మిల్లీమీటర్ల డైమండ్ కోర్ బిట్టు తీసుకో, అంచుకి వజ్రపు పొడి అద్దిన గొట్టంలా ఉంటుంది. బిట్టు జారకుండా మాస్కింగ్ టేపు అంటించు. మొదట కాస్త వాల్చి పట్టు, గాడి పడ్డాక నిటారుగా నిలుపు. వేగం తక్కువ, బలం అసలే వద్దు. ఛార్జింగు డ్రిల్లే వాడు, చిల్లు మీద నీళ్లు పడుతూనే ఉండాలి కదా. నీళ్లు పొయ్యడానికి పక్కన ఎవరైనా ఉన్నారా? ఆ గదిలో ఒక్కదానివే ఉంటున్నావా ఇప్పుడు? కళ్లద్దాలు పెట్టుకో, చున్నీ తీసి పక్కన పడెయ్.

చిల్లు మీద పెంకు ముక్క కప్పి, ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, బాగా మాగిన గెత్తం సమపాళ్లలో నింపు. మందారం పెట్టకు. జాడీ మూతి ఇరుకు, పొట్ట వెడల్పు. వేళ్లు నిండాక మొక్కని తియ్యాలంటే జాడీ పగలగొట్టాల్సిందే. మనీప్లాంటు చాలు. చేతిలో మరోటి లేకుండా ఉన్నది వదులుకోకూడదని ఎన్నిసార్లు చెప్పాను... సరే, అది వేరే సంగతి.

మన జిల్లా బుడితిలో చేసిన ఇత్తడి బిందెకి మాత్రం చిల్లు పెట్టావో, మీ అమ్మ ఊరుకోదు. అందులో నేరుగా మట్టి కూడా వద్దు. ఇత్తడిలోని రాగి తడిమట్టికి చిలుమెక్కుతుంది, వేళ్లకి మంచిది కాదు. ప్లాస్టిక్ కుండీలో మొక్క పెట్టి, కుండీని బిందెలో దించు. అడుగున నీళ్లు నిలిస్తే వంచెయ్, దోమలు గుడ్లు పెడతాయి.

పాత లాంతర్లలో కూడా మొక్కలు పెట్టి వేలాడదీస్తే అక్టోబరులో దించెయ్యి. 2018లో తిత్లీ తుఫాను ఎలా వీచిందో చూశావు కదా. హైదరాబాదులో అంత గాలి రాదంటావు, అయినా దించు.

అద్దెకి ఇబ్బందైతే చెప్పు, పిన్నికి తెలియనివ్వను. చిల్లు పెట్టాక ఫోటో పంపు. జాడీ ఒక్కదాన్నే తియ్యకు, పక్కన నువ్వూ నిలబడు.

మీ నాన్న