ఒత్తుల దగ్గర మొదలుపెట్టు తల్లీ

ఒంగోలు

చిరంజీవి శ్రావణికి అమ్మ ఆశీస్సులు.

నీవు తయారుచేస్తున్న తెలుగు ఫాంటు కోసం గీసి పంపిన అక్షరాల కాగితం అందింది. మీ నాన్నగారు దానిని హాలులో క్యాలెండరు పక్కన గుచ్చి, ఇంటికి వచ్చినవారందరికీ చూపిస్తున్నారు. ఆయన మెచ్చుకోలు నీకు ఫోనులో ఎలాగూ అందుతుంది కనుక, బడిలో పిల్లల చేత అక్షరాలు దిద్దించిన దానిగా నాకు తోచిన సంగతులు నేను రాస్తున్నాను.

అ, క, న, ల అక్షరాల గుండ్రదనం అంతా ఒకే చేతి నుంచి వచ్చినట్టుగా ఉంది, చాలా బాగుంది. 'శుభాకాంక్షలు' అని పెద్దగా రాసినచోట మాత్రం ఆగిపోయాను. ఆ వాలు, చివరి కొమ్మును సాగదీసిన తీరు బాపు గారివి. ఆయన చేతిరాత ఫాంటుగా మారి పెళ్లిపత్రికల మీదికీ పుస్తకాల అట్టల మీదికీ ఎంతగా ఎక్కిందంటే, అందంగా రాయాలనుకున్న ప్రతివారి చెయ్యీ తెలియకుండానే అటు వాలుతుంది. అభ్యాసానికి అది మంచిదే. అయితే మీ గురువుగారు అడిగినది నీ సొంత అక్షరం కదా.

సొంతదనం కోసం తలకట్టుకు వంపులు తగిలించేవారు చాలామంది ఉన్నారు. దుకాణాల బోర్డులు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. తలకట్టు మార్చడం తేలిక, అది కంటికి ముందుగా ఆనుతుంది కూడా. నా దృష్టిలో తెలుగు అక్షరం గీసేవారికి అసలు పరీక్ష అక్షరం అడుగున ఉంది. ఇంగ్లీషు లిపిలో చిన్న ఎన్, ఓ అక్షరాలు ముందుగా గీసి, వాటి పోలికతో మిగిలినవి తయారుచేస్తారని నీవే చెప్పావు. నిలువు గీత ఒకటి, గుండ్రం ఒకటి కుదిరితే ఆ లిపిలో చాలా భాగం కుదిరినట్టే కనుక వారికి అది చక్కని పద్ధతి. మనకు ర, త ఎంత బాగా కుదిరినా వాటి ఒత్తుల రూపం వాటిలో నుంచి రాదు. త, న, మ, య, ర, ల ఒత్తులయ్యేసరికి తమ రూపాన్ని దాదాపు పూర్తిగా వదిలేస్తాయి. గ, డ, ద వంటివి తలకట్టు తీసేసి, చిన్నవై కిందికి దిగుతాయి. రకారపు ఒత్తు ఎడమవైపు నుంచి అక్షరాన్ని అడుగున చుట్టుకుంటే, యకారపు ఒత్తు కుడివైపుకు సాగుతుంది. వీటన్నిటికీ ఒకే చేతివాటం కనిపించేలా గీయగలిగితే ఆ అక్షరం నీదవుతుంది.

నీ కాగితంలో ఒత్తులు సన్నగా, నీరసంగా ఉన్నాయి. పెద్ద అక్షరాన్నే కంప్యూటరులో కుదించి కింద పెట్టావని అనుకుంటున్నాను. అలా కుదిస్తే గీత మందం కూడా తగ్గిపోతుంది. ఒత్తును చిన్న కొలతలో విడిగా, గీత బలం తగ్గకుండా గీయవలసిందే. ఎంత లోతుకు దింపాలన్నది మరొక చిక్కు. 'రాష్ట్రం' అనే మాటలో షకారం కింద టకారపు ఒత్తు, దానితోపాటు రకారపు ఒత్తు ఉంటాయి. వాటిని ధారాళంగా దింపితే కింది వరుసలోని గుడులకు తగులుతాయి, బిగించి పెడితే చిన్న సైజులో నల్లని మచ్చ అవుతాయి. పైన గుడికీ కింద ఒత్తుకూ చోటు వదలాలి కాబట్టే, చాలా ఫాంట్లలో ఒకే పాయింటు సైజు పెట్టినా ఇంగ్లీషు పక్కన మన అక్షరం చిన్నబోయి కనిపిస్తుంది.

పరీక్షకు మాటలు కావాలంటే ఆర్టీసీ బస్టాండులో బోర్డులు చదివితే చాలు. బుచ్చిరెడ్డిపాళెంలో రెండుచోట్ల పైన గుడి, కింద ఒత్తు ఒకేసారి వస్తాయి. కృష్ణపట్నంలో ఋత్వం, ణకారపు ఒత్తు, నకారపు ఒత్తు వరుసగా కిందికి దిగుతాయి. ఆత్మకూరు, మర్రిపాడు, గిద్దలూరు, సూళ్లూరుపేట కూడా రాసి చూడు. హింద్ గుంటూరు అనే ఫాంటు ఉందని నీవు చెప్పినప్పటి నుంచి, మన నెల్లూరు ఏం పాపం చేసిందని మీ నాన్నగారు అడుగుతున్నారు. ఆ పేరులోని 'ల్లూ' చక్కగా కుదిర్చినవారే ఆ పేరు పెట్టుకోవాలని నేను జవాబిచ్చాను.

మరొక సంగతి ఒకటో తరగతి పిల్లల పలకల మీద నేర్చుకున్నాను. క, త, ర లకు కొమ్ము కుడిపక్కన వస్తుంది. ఆ అలవాటు మీద పిల్లలు వకారానికీ కుడిపక్కనే కొమ్ము తగిలిస్తారు. అప్పుడు అది 'మ' అవుతుంది, 'ఆవు' అని రాశాననుకున్న పిల్లవాడి పలక మీద 'ఆమ' ఉంటుంది. ఆ పొరపాటు రాకుండా ప, ఫ, వ లకు కొమ్మును అడుగు నుంచి మొదలుపెట్టి రాయిస్తాం. నీవు రాసిన 'పువ్వు'లో రెండో అక్షరం చూడు. వకారపు ఒత్తుకు చోటు చేయడానికి కొమ్మును పైకి జరిపావు, దూరం నుంచి చూస్తే అక్కడ మకారం ఉన్నట్టు అనిపిస్తోంది. కొమ్ము, ఒత్తు రెండూ ఒకే చోటు కోసం పోటీపడే ఇటువంటి అక్షరాలను ముందుగా తేల్చుకుంటే, మిగిలినవాటికి కొలతలు వాటి నుంచే వస్తాయి. థకారం లోపలి చుక్క, ధ, భ ల అడుగున ఉండే నిలువు గీత కూడా సిరా కాస్త పారగానే పూడిపోకుండా చూసుకోవాలి.

క్షకారాన్ని కంప్యూటరు క, పొల్లు, ష అనే మూడు సంకేతాలుగా దాచుకుంటుందనీ, ఏ రూపం చూపించాలో ఫాంటులోని నియమాలే చెబుతాయనీ నీవు వివరించావు. అది నీకు తెలిసిన విద్య, అందులో నేను తలదూర్చను. గీసేటప్పుడు మాత్రం చేతిలో ఏ పనిముట్టు ఉన్నట్టు ఊహించుకుంటున్నావో తేల్చుకో. తాటాకు మీద గంటంతో రాసిన గీతకు అంతటా ఒకే మందం ఉంటుంది. మొన పలకగా, వెడల్పుగా ఉండే కలంతో రాస్తే చెయ్యి తిరిగిన చోటును బట్టి మందం మారుతుంది. ఉలి దెబ్బకు వంపులు బిగుసుకుంటాయి. నీ కాగితంలో పై అక్షరాలు కలంతో రాసినట్టు, ఒత్తులు గంటంతో గీసినట్టు ఉన్నాయి.

రాతి మీది అక్షరం చూడాలంటే మనకు దూరం పోనక్కరలేదు. 848 నాటి అద్దంకి పండరంగని శాసనాన్ని అందులోని తరువోజ పద్యం కోసం బడిలో చెబుతాం. నీవు దాని ఫొటోలో అక్షరాలను చూడు. అప్పటికి తెలుగుకూ కన్నడానికీ లిపి ఉమ్మడిగా ఉండేది. బటర్‌వర్తు, వేణుగోపాల చెట్టి కలిసి 1905లో మూడు సంపుటాలుగా వేసిన నెల్లూరు జిల్లా శాసనాలలో ఊళ్ల పేర్లు ఉన్నాయి. వాటిని పట్టుకుని దగ్గరలోని గుడులకు వెళ్లి, రాళ్లు ఉన్నచోట చూసి రావచ్చు.

అచ్చు అక్షరానికి మన బీరువాలోనే వావిళ్ల వారి భారతం ఉంది. 1854లో మద్రాసులో మొదలైన ముద్రణాలయం వారిది. సీసపు అక్షరాలు పేర్చే రోజులలో ఒత్తుకు ఎంత చోటు ఇచ్చారో స్కేలు పెట్టి కొలుచుకో. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు వేటపాలెం సారస్వత నికేతనానికి కూడా వెళ్దాం. 1918లో మొదలైన ఆ గ్రంథాలయంలో పాత పత్రికలు ఉన్నాయి. ఫాంట్లు లేని కాలంలో కథల శీర్షికలు చేత్తో ఎలా రాశారో చూసుకోవచ్చు.

ఈలోగా 'పువ్వు', 'రాష్ట్రం', 'కృష్ణపట్నం', 'బుచ్చిరెడ్డిపాళెం' అనే నాలుగు మాటలే మళ్లీ గీసి పంపు. పెద్ద సైజులో ఒకసారి, పత్రికలో వార్త అక్షరమంత సైజులో ఒకసారి కాగితం మీద అచ్చు వేయించి పోస్టులో పంపు. ఫోనులో పంపితే మీ నాన్నగారు వేళ్లతో పెద్దవి చేసి చూసి, అన్నీ బాగున్నాయంటారు.

ఆశీస్సులతో,
అమ్మ