సైక్లోన్ పుట్టింది కలకత్తాలో

సంపాదకులకు,

పోయిన ఆదివారం అనుబంధంలో ‘సైక్లోన్’ మాట పుట్టుక మీద వచ్చిన వ్యాసం చదివాను. మర్నాడో ఆ మర్నాడో సవరణ వేస్తారని చూశాను. వేయలేదు కాబట్టి రాయక తప్పలేదు.

తుపాను నడుమ కన్ను ఉంటుంది గనక ఒంటికన్ను రాక్షసుడు సైక్లాప్స్ పేరే దానికి పెట్టారని రాశారు. తప్పు. రెండు మాటలకూ వలయం అనే అర్థమున్న గ్రీకు మూలం ఒకటే, చుట్టరికం అంతవరకే. సైక్లోన్ పుట్టింది కలకత్తాలో. అక్కడ ఓడ ప్రమాదాల విచారణ కోర్టుకు అధ్యక్షుడిగా పనిచేసిన హెన్రీ పిడింగ్టన్, తుపానుల్లో చిక్కిన ఓడల లాగ్‌బుక్కులు ఏళ్ల తరబడి చదివి, నావికుల కోసం 1848లో తెచ్చిన పుస్తకంలో ఈ పేరు ప్రతిపాదించాడు. పాము చుట్టను చెప్పే గ్రీకు మాట దానికి ఆధారం. గాలి తిన్నగా కాక చుట్టుకుంటూ వీస్తుందని ఓడ నడిపేవాడికి పేరులోనే తెలియాలని ఆయన తాపత్రయం. బంగాళాఖాతంలో ఆ చుట్టు గడియారం ముల్లుకు ఎదురుగా సాగుతుంది. గాలికి ఎదురుగా నిలబడితే తుపాను కేంద్రం కుడిచేతి వైపు, కాస్త వెనగ్గా ఉంటుంది. ఓడను ఎటు తిప్పాలో కెప్టెన్‌కు దీన్నిబట్టి తెలుస్తుంది. చార్టు మీద పరిచి చూసుకోవడానికి, గాలి వలయాలు గీసిన, పశువుల కొమ్ముతో చేసిన పలచటి పారదర్శక రేకులు కూడా ఇచ్చాడాయన. 1789లో మన కోరంగిని ముంచేసిన ఉప్పెన గురించీ రాశాడు. తెలుగు పత్రిక చెప్పవలసిన కథ ఇది కదా!

వాడుక సంగతి ఇంకా బాధాకరం. మీ వార్తల్లో శీర్షికలో తుపాను, మొదటి పేరాలో వాయుగుండం, చివరికొచ్చేసరికి అల్పపీడనం. ఇవి పర్యాయపదాలు కావు. వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లు అందుకుంటే వాయుగుండం, 50 అయితే తీవ్ర వాయుగుండం, 62కు చేరాకే తుపాను. పేరు పెట్టేదీ అప్పుడే. హరికేన్, టైఫూన్ అన్నవీ ఈ జాతివే, సముద్రాన్ని బట్టి పేరు మారుతుంది. నేల మీద పుట్టే టోర్నడో వేరు, దాన్నీ తుపాను అనేస్తున్నారు. ప్రతి ముసురుకూ తుపాను అని అరిస్తే, 2014 నాటి హుద్‌హుద్ లాంటిది నిజంగా వచ్చినప్పుడు చేపల వేటకు వెళ్లేవాడు ఎందుకు ఆగుతాడు?

అధికారుల ప్రకటనలూ అలాగే ఉన్నాయి. ఇంగ్లీషు బులెటిన్‌ను మక్కికి మక్కి దింపి, ‘కలదు’, ‘గలదు’ అని ముగిస్తారు. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో, ఎప్పటిలోగా ఇల్లు ఖాళీ చేయాలో ఆ భాషలో ఎవరికి అర్థమవుతుంది? పైవాళ్లు చెవిన పెట్టకపోవడం కొత్తేమీ కాదు. కలకత్తాకు దిగువన సుందరవనాల్లోని మాతలా నది మీద కొత్త రేవు కట్టవద్దు, ఏదో ఒకనాడు ఉప్పెన దాన్ని ముంచుతుందని 1853లో ఇదే పిడింగ్టన్ గవర్నర్ జనరల్ డల్హౌసీకి లేఖ రాశాడు. వినలేదు. పోర్ట్ కానింగ్ పేరుతో ఆ రేవు కట్టారు. 1867 తుపానులో అది పాడైపోయింది. అప్పటికి ఆయన పోయి తొమ్మిదేళ్లు.

వ్యాసం వచ్చిన చోటే, అదే సైజు అక్షరాల్లో సవరణ వేయండి. అల్పపీడనం నుంచి తుపాను దాకా ఏ మాట ఎప్పుడు వాడాలో మీ డెస్కులో ఒక పట్టిక అతికించండి. వచ్చే సీజన్ మొదలవకముందే ఈ పని జరగాలి.

— ఒక పాఠకుడు